గొట్టం తీయవచ్చా అని అల్ట్రాసౌండ్‌ను అడిగితే: ఐసీయూ వాడకంపై ఒక సమీక్ష

వెంటిలేటర్ మీద ఉన్న రోగికి శ్వాసనాళంలో వేసిన గొట్టం ఎప్పుడు తీయాలన్న విషయంలో తొందరపడినా నష్టమే, జాగు చేసినా నష్టమే. తొందరపడి తీస్తే కొన్ని గంటల్లోనే ఊపిరి అందక మళ్లీ గొట్టం వేయవలసి రావచ్చు; అలా రెండోసారి వేయించుకున్నవారిలో న్యుమోనియా, మరణం రెండూ ఎక్కువగా కనిపిస్తాయి. జాగు చేస్తే ఇన్ఫెక్షన్‌కు ఇంకో రోజు, మత్తుమందుకు ఇంకో రోజు, కండరాల క్షీణతకు ఇంకో రోజు ఇచ్చినట్టే. ఈ నిర్ణయంలో తోడుగా ఉంటుందని మా విభాగంలోకి తెచ్చిన అల్ట్రాసౌండ్ యంత్రాన్ని నేను కొన్నేళ్లుగా దాదాపు ప్రతిరోజూ వాడుతున్నాను. ఏ కంపెనీ యంత్రం మెరుగన్నది ఇక్కడ నా విషయం కాదు. మంచం పక్కన నిలబడి ఈ ఒక్క ప్రశ్న అడిగినప్పుడు అది ఎంతవరకు నమ్మదగిన జవాబు ఇస్తుంది, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది అన్నదే ఈ సమీక్ష.

యంత్రం రాకముందు కూడా మా దగ్గర కొలమానాలు లేకపోలేదు. వెంటిలేటర్ సాయాన్ని బాగా తగ్గించి, లేదా టీ-పీస్‌కు (వెంటిలేటర్ నెట్టుడు లేకుండా ఆక్సిజన్ మాత్రమే అందించే T ఆకారపు అమరికకు) మార్చి, రోగి సొంతంగా 30 నిమిషాల నుంచి 2 గంటల వరకు ఊపిరి తీసుకోగలడేమో చూసే పరీక్ష ఇప్పటికీ అన్నిటికీ మూలం. 1991లో యాంగ్, టోబిన్ ప్రచురించిన సూచిక, అంటే నిమిషానికి శ్వాసల సంఖ్యను ఒక్కో శ్వాసలో వెళ్లే గాలి లీటర్లతో భాగించగా వచ్చే అంకె, 105 దాటితే రోగి తట్టుకోలేడని అర్థం చేసుకోవడం ప్రతి ఐసీయూ వైద్యుడూ మొదట నేర్చుకునే పాఠం. చిక్కంతా ఈ పరీక్షలు నెగ్గినవారితోనే. అన్నీ సవ్యంగా ఉన్నాయని గొట్టం తీసినవారిలో కూడా సుమారు పది మందిలో ఒకరు, బలహీనంగా ఉన్నవారిలోనైతే ఐదుగురిలో ఒకరు, మళ్లీ వెంటిలేటర్ దగ్గరికే వస్తారు. పాత సూచిక ఊపిరి ఎంత వేగంగా, ఎంత పైపైన ఆడుతోందో చెబుతుంది తప్ప, ఎందుకు అలా ఆడుతోందో చెప్పదు. ఆ 'ఎందుకు' కనిపిస్తుందేమోనన్న ఆశతోనే ప్రోబ్, అంటే చర్మం మీద ఆనించి స్కాన్ చేసే అల్ట్రాసౌండ్ పరికరం, చేతిలోకి వచ్చింది.

అందరూ మొదట చూసేది డయాఫ్రంనే. ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే, పాఠ్యపుస్తకాల్లో ఉదరవితానం అని రాసే ఈ కండరమే ఊపిరి పీల్చడంలో పెద్ద భారం మోస్తుంది. దాన్ని చూడడానికి రెండు దారులున్నాయి. మొదటిది కదలికను కొలవడం. కడుపు స్కాన్‌కు వాడే వంపు ప్రోబ్‌ను కుడివైపు పక్కటెముకల కింద, కాలర్ ఎముక మధ్య నుంచి కిందికి గీసిన ఊహారేఖ మీద ఉంచి, కాలేయం గుండా పైకి, వెనక్కి చూస్తే డయాఫ్రం తెల్లని వంపు గీతలా కనిపిస్తుంది. ఒకే చోటి కదలికను కాలంతో పాటు గీసి చూపే ఎం-మోడ్ నొక్కితే ప్రతి శ్వాసకూ ఆ గీత అలలా లేచి పడుతుంది. అల ఎత్తే కదలిక కొలత. నిశ్శబ్దంగా ఊపిరి తీసుకునే ఆరోగ్యవంతుడిలో అది సాధారణంగా 1 నుంచి 2 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. 10 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే, లేదా పీల్చేటప్పుడు కిందికి రావలసింది పైకి పోతే, డయాఫ్రం పనితీరు దెబ్బతిన్నట్టు లెక్క. ఈ లెక్కతోనే 2011లో కిమ్ బృందం 82 మంది రోగులను చూసి, వారిలో 29 శాతం మందికి ఈ లోపం ఉందని, వారిని వెంటిలేటర్ నుంచి విడిపించడానికి ఎక్కువ కాలం పట్టిందని రాసింది.

ఈ కొలతలో ఉన్న ఉచ్చు గురించి యంత్రంతో వచ్చే చిన్న పుస్తకం ఒక్క మాటా చెప్పదు. వెంటిలేటర్ గాలి నెట్టినప్పుడు ఊపిరితిత్తులు ఉబ్బి డయాఫ్రంను కిందికి తోస్తాయి. తెర మీద అల బ్రహ్మాండంగా లేస్తుంది, కండరం మాత్రం పడుకునే ఉండవచ్చు. నేను నేర్చుకుంటున్న తొలి రోజుల్లో ఒక రోగిలో 18 మిల్లీమీటర్ల కదలిక చూసి సంతోషపడి, ఉదయం రౌండ్స్‌లో గొప్పగా చెప్పాను. ప్రెషర్ సపోర్ట్, అంటే ప్రతి శ్వాసకూ వెంటిలేటర్ ఇచ్చే నెట్టుడు, ఎంత మీద ఉండగా కొలిచారని మా సీనియర్ సిస్టర్ అడిగేదాకా అది 14 మీద ఉందన్న సంగతి నాకు తట్టలేదు. సాయం తగ్గించి మళ్లీ కొలిస్తే వచ్చిన కదలిక 7 మిల్లీమీటర్లు. అప్పటి నుంచి కదలికను టీ-పీస్ మీద గానీ, అతి తక్కువ సాయం మీద గానీ తప్ప కొలవను. సాయం ఎంతో పక్కన రాయని కదలిక అంకెను ఇతరుల నోట్స్‌లో చూసినా పట్టించుకోను.

రెండో దారి కండరం మందం. దీనికి రక్తనాళాలు చూసే సూటి ప్రోబ్ కావాలి, 10 మెగాహెర్ట్జ్ లేదా అంతకన్నా ఎక్కువ పౌనఃపున్యం గలది. ఛాతీ పక్కన, చంకకు దిగువగా, ఎనిమిదో పక్కటెముక నుంచి పదో పక్కటెముక వరకు ఉన్న సందుల్లో డయాఫ్రం ఛాతీ గోడకు ఆనుకుని ఉంటుంది. అక్కడ రెండు మెరిసే గీతల మధ్య నల్లని పొరలా కనిపించేదే కండరం. పీల్చడం పూర్తయినప్పటి మందంలోంచి విడవడం పూర్తయినప్పటి మందాన్ని తీసివేసి, వచ్చినదాన్ని విడిచినప్పటి మందంతో భాగిస్తే కండరం ఎంత శాతం చిక్కబడిందో, అంటే బిగిసి ఎంత దళసరి అయిందో, తెలుస్తుంది. ఇది బిగిసే కండరాన్ని నేరుగా కొలుస్తుంది కనుక వెంటిలేటర్ నెట్టుడు దీన్ని కదలికంతగా మోసగించలేదు. 2014లో డినినో బృందం 63 మంది రోగులలో 30 శాతాన్ని గొట్టం తీయవచ్చా లేదా అని తేల్చే గీతగా పెట్టుకుంది. అదే ఏడాది ఫెరారీ బృందం 36 శాతం దగ్గర గీత గీసింది. 20 శాతానికి దిగువన ఉంటే కండరం బలహీనమేనని చాలామంది ఒప్పుకుంటారు.

ఈ 30 శాతమే ఇప్పుడు చాలా చోట్ల మంత్రంలా వినిపిస్తోంది. ఆ మంత్రం మీద నాకు గురి లేదు, కారణం చిన్న లెక్క. ఈ కండరం మందం 2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. విడిచినప్పుడు 2.0, పీల్చినప్పుడు 2.6 వస్తే 30 శాతం, అంటే గొట్టం తీయవచ్చు. అదే 2.4 వస్తే 20 శాతం, అంటే ఆగాలి. ఈ రెండు తీర్పుల మధ్య ఉన్నది 0.2 మిల్లీమీటర్లు. కొలత గుర్తును మెరిసే గీత లోపలి అంచున పెట్టామా, గీత మధ్యలో పెట్టామా అన్నదాని మీదనే అంత తేడా వచ్చేస్తుంది. ఒకే రోగిని ఒకే గంటలో నేను, నా సహచరుడు విడివిడిగా కొలిచి 34, 22 అని రాసిన రోజులున్నాయి. ఇద్దరం అబద్ధం రాయలేదు. ప్రోబ్ వేలెడంత జరిగితే సందు మారుతుంది, కాస్త వంగితే కండరాన్ని ఏటవాలుగా కోసి మందం ఎక్కువగా చూపుతుంది. అందుకే ఇప్పుడు కనీసం మూడు శ్వాసల సగటు తీసుకుంటాం. మొదటి రోజే చర్మం మీద చెరగని సిరాతో గుర్తు పెట్టి, రోజూ అక్కడే ప్రోబ్ ఆనిస్తాం. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, చేయి కొద్దీ కొలత.

అలాగని మందం కొలతను నేను పారేయలేదు. దాని అసలు విలువ ఒక్కసారి చూసి తీర్పు చెప్పడంలో కంటే రోజురోజుకూ పోల్చడంలో ఉంది. వెంటిలేటర్ పూర్తిగా ఊపిరి మోస్తుంటే డయాఫ్రం ఎంత త్వరగా కరిగిపోతుందో 2008లో లెవైన్ బృందం చూపింది: 18 నుంచి 69 గంటలు కదలకుండా ఉన్న డయాఫ్రంలలో కండర తంతువుల అడ్డుకోత వైశాల్యం సగానికి పైగా తగ్గింది. మందం వారం రోజుల్లో పడిపోతుంటే వెంటిలేటర్ అతిగా మోస్తోందేమోనని చూసి సాయం తగ్గిస్తాం. 2018లో గోలిగర్ బృందం వెంటిలేటర్ మీద మొదటి రోజుల్లో చిక్కబడే శాతం 15, 30 మధ్య ఉన్నవారే త్వరగా బయటపడ్డారని గమనించింది. అంటే కండరం మరీ సుఖపడకూడదు, మరీ అలసిపోకూడదు. గొట్టం తీసే రోజున అడిగే ప్రశ్నకు జవాబు, ఈ కండరాన్ని కాపాడుకోవడంతో, చాలా రోజుల ముందే మొదలవుతుందని ఈ ప్రోబ్ వల్లనే నాకు అర్థమైంది. యంత్రాన్ని కొన్నప్పుడు ఈ ఉపయోగం నా ఆలోచనలోనే లేదు.

ఇక పెద్ద ప్రశ్న: డయాఫ్రం అంకెలు గొట్టం తీసాక ఏమవుతుందో చెబుతాయా? సొంత ఊపిరి పరీక్ష నెగ్గుతారా లేదా అన్నదాని మీద అవి కొంత వెలుగు వేస్తాయి. కానీ పరీక్ష నెగ్గిన తరువాత, గొట్టం తీశాక నిలుస్తారా అన్నదాని మీద వేరే మాట వినిపించింది. 2019లో వివియే బృందం పలు ఐసీయూలలో, ముప్పు ఎక్కువగా ఉన్న 191 మంది రోగులను పరీక్ష నెగ్గిన తరువాత స్కాన్ చేసింది. గొట్టం తీశాక నిలిచినవారిలోనూ విఫలమైనవారిలోనూ డయాఫ్రం లోపం దాదాపు సమానంగానే ఉంది. ఈ ఫలితం చదివినప్పుడు చాలామంది నిరాశపడ్డారు, నాకు మాత్రం అది మంచం పక్కన రోజూ చూసేదే అనిపించింది. డయాఫ్రం బలహీనంగా ఉన్నా పక్కటెముకల మధ్య కండరాలు, మెడ కండరాలు భారం పంచుకుని నెట్టుకొస్తాయి. మరోవైపు డయాఫ్రం రాయిలా ఉన్నా కఫం బయటికి దగ్గలేని రోగి సాయంత్రానికి మళ్లీ గొట్టం దగ్గరికి వస్తాడు. దగ్గు బలం, కఫం పరిమాణం, మెలకువ, మింగే శక్తి అల్ట్రాసౌండ్ తెర మీద కనిపించవు. నోటి ముందు చేయి పెట్టి దగ్గించి చూడడం, గంటకు ఎన్నిసార్లు సక్షన్ (గొట్టంలోంచి కఫం పీల్చి తీసేయడం) చేయాల్సి వస్తోందని నర్సును అడగడం ఈ యంత్రం కంటే పాతవి, నా లెక్కలో కొన్నిసార్లు దీనికంటే నమ్మకమైనవి.

పక్కటెముకల మధ్య కండరాల మాట వచ్చింది కనుక: రొమ్ము ఎముక పక్కన రెండో సందులో సూటి ప్రోబ్ పెడితే ఆ కండరం కనిపిస్తుంది. మామూలుగా ఊపిరి తీసుకునేటప్పుడు అది అంతగా చిక్కబడదు. చిక్కబడుతోందంటే డయాఫ్రం చేయవలసిన పని అది చేస్తోందన్నమాట. కొలవడం తేలిక, కట్లు అడ్డం రావు. డయాఫ్రం సరిగ్గా కనిపించని రోగిలో నేను ముందు ఇక్కడికే వస్తాను.

నేను ఈ యంత్రానికి పూర్తి మార్కులు వేసేది ఊపిరితిత్తుల దగ్గర, గుండె దగ్గర. ఛాతీని రెండు వైపులా ఆరేసి చొప్పున 12 భాగాలు చేసి, ఒక్కో భాగానికి గాలి నిండి ఉంటే 0, పూర్తిగా గట్టిపడి ఉంటే 3 చొప్పున మార్కులు వేస్తే మొత్తం 0 నుంచి 36 వరకు వస్తుంది. గాలి ఉన్నచోట అడ్డగీతలు, నీరు చేరుతున్నచోట తెర కిందిదాకా దిగే నిలువు గీతలు కనిపిస్తాయి. 2012లో సుమర్ బృందం సొంత ఊపిరి పరీక్ష చివర ఈ మొత్తం 13 కంటే తక్కువైతే ముప్పు తక్కువని, 17 దాటితే గొట్టం తీశాక ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువని చూపింది. ఈ అంకెలను కూడా నేను శాసనంలా పట్టుకోను. నాకు పనికొచ్చేది పరీక్షకు ముందు, పరీక్ష చివర వచ్చే మొత్తాల మధ్య తేడా. అరగంటలో నిలువు గీతలు పెరిగాయంటే ఆ అరగంటలోనే ఊపిరితిత్తుల్లోకి నీరు వచ్చిందన్నమాట. ఛాతీ ఎక్స్‌రే దాన్ని అంత త్వరగా చూపదు.

ఆ నీరు ఎక్కడిదో తెలియాలంటే గుండె చూడాలి. వెంటిలేటర్ గాలి ఛాతీలో పీడనం పెంచినంతసేపూ గుండెకు తిరిగి వచ్చే రక్తం కొంత తగ్గుతుంది, ఒంటికి రక్తం పంపే గుండె గది, ఎడమ జఠరిక, పని తేలికవుతుంది. సాయం తీసేసిన క్షణం రెండూ తిరగబడతాయి: రక్తం ఎక్కువగా వస్తుంది, గుండె ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా పంపు చేయాల్సి వస్తుంది. 1988లో లెమేర్ బృందం ఊపిరితిత్తుల వ్యాధితో పాటు గుండె జబ్బు కూడా ఉన్న 15 మందిలో ఇదే కొలిచింది. వెంటిలేటర్ నుంచి విడదీసినప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో కొలిచిన పీడనం సగటున 8 నుంచి 25 మిల్లీమీటర్ల పాదరసానికి ఎగబాకింది. అప్పట్లో దీనికి గుండెలోకి కాథెటర్ పంపాల్సి వచ్చేది. ఇప్పుడు గుండె ప్రోబ్‌తో కవాటం దగ్గర రక్తవేగాన్ని, గుండె గోడ కదలే వేగాన్ని చూసి ఎడమవైపు పీడనం పెరుగుతోందో లేదో చాలావరకు ఊహించవచ్చు.

దీని విలువ నాకు తెలిసింది ఒక పెద్దావిడ విషయంలో. మూడుసార్లు పరీక్ష పెట్టాం, మూడుసార్లూ ఇరవై నిమిషాలు దాటేసరికి చెమటలు, రక్తపోటు పెరగడం, ఊపిరి వేగం నలభైకి చేరడం. డయాఫ్రం కొలిచాం, చిక్కగానే ఉంది. అలసట అనుకుని ట్రాకియాస్టమీ (మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం పెట్టడం) గురించి కుటుంబంతో మాట్లాడడం కూడా మొదలుపెట్టాం. నాలుగోసారి పరీక్షకు ముందు, మధ్యలో, చివర ఊపిరితిత్తులు, గుండె స్కాన్ చేశాను. ముందు నాలుగు భాగాల్లో ఉన్న నిలువు గీతలు చివరికి తొమ్మిది భాగాలకు పాకాయి, గుండె అంకెలు కూడా అదే చెప్పాయి. మూత్రం ఎక్కువగా పోయే మందు, రక్తపోటు మందు సర్దిన మూడో రోజు పరీక్ష నిశ్శబ్దంగా గడిచింది, గొట్టం తీశాం. మళ్లీ వేయవలసిన అవసరం రాలేదు. మొదటి మూడు పరీక్షల్లో మేం డయాఫ్రం వైపు మాత్రమే ప్రోబ్ తిప్పామన్నది ఆ తరువాత నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. ఈ యంత్రాన్ని 'ఎప్పుడు తీయాలి' అని అడిగితే తడబడుతుంది, 'ఎందుకు విఫలమైంది' అని అడిగితే చాలాసార్లు సూటిగా చెబుతుంది. మేం కొన్నది మొదటి ప్రశ్న కోసం, ఇప్పుడు వాడుతున్నది ఎక్కువగా రెండోదాని కోసం.

ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటిని కనిపెట్టడంలో దీనికి సాటి లేదు; ఎంత ఉందో, సూది ఎక్కడ పెట్టాలో కూడా అదే చూపుతుంది. అయితే కనిపించిన ప్రతి నీటినీ తీయాలన్న ఉబలాటం దీనివల్లే మొదలైందని కూడా ఒప్పుకోవాలి. స్వరపేటిక దగ్గర వాపును గొంతు మీద ప్రోబ్ పెట్టి, గొట్టం కఫ్‌లోని, అంటే గొట్టం చుట్టూ ఉబ్బి శ్వాసనాళాన్ని మూసి ఉంచే బుడగలోని, గాలి తీసినప్పుడు గాలి పట్టీ వెడల్పు మారుతుందో లేదో చూసే పద్ధతి ఉంది. నాకు అందులో చేయి కుదరలేదు. కఫ్ గాలి తీసి పక్క నుంచి గాలి కారుతోందో లేదో చూసే పాత పద్ధతినే వాడుతున్నాను.

యంత్రం గురించి రెండు మాటలు. మా దగ్గర చక్రాల బండి మీది పెద్ద యంత్రం ఒకటి, ఫోన్‌కు తగిలించే చేతి ప్రోబ్ ఒకటి ఉన్నాయి. ఊపిరితిత్తుల నిలువు గీతలకు, చుట్టూ చేరిన నీటికి చేతి ప్రోబ్ సరిపోతుంది, పైగా మంచం మంచానికీ తిరగడం సులువు. డయాఫ్రం మందానికి మాత్రం అది నమ్మదగినది కాదు. రెండు మెరిసే గీతలు కలిసిపోయినట్టు కనిపిస్తాయి, అప్పుడు 0.2 మిల్లీమీటర్ల తేడా మాట ఎత్తడమే హాస్యాస్పదం. రౌండ్స్ మధ్యలో ప్రోబ్ వేడెక్కి స్కాన్ ఆపేయడం, బ్యాటరీ మూడో మంచం దగ్గర అయిపోవడం మామూలే. పెద్ద యంత్రంలో చిత్రం బాగుంటుంది, కానీ దాన్ని రెండు మంచాల మధ్య ఇన్ఫ్యూజన్ పంపుల సందులోకి దూర్చడమే ఒక వ్యాయామం. కొనేటప్పుడు తెర వెడల్పు కంటే సూటి ప్రోబ్ నాణ్యత చూడాలి, ఎం-మోడ్ ఒక్క నొక్కుతో వస్తుందో లేదో చూడాలి, రికార్డు చేసిన క్లిప్పులు రోగి పేరుతో భద్రమవుతాయో లేదో చూడాలి. మూడోది లేక మేం మొదటి ఏడాది ముందు రోజుతో పోల్చలేకపోయాం.

ఊబకాయం ఉన్నవారిలో, కడుపు శస్త్రచికిత్స కట్లు ఉన్నవారిలో, చర్మం కింద గాలి చేరినవారిలో చిత్రం దొరకదు. ఎడమవైపు డయాఫ్రం చాలామందిలో సరిగ్గా దొరకదు, ఎందుకంటే అటు చూపు చిన్న ప్లీహం గుండా వెళ్లాలి, పక్కనే కడుపులోని గాలి అడ్డుపడుతుంది. గుండె శస్త్రచికిత్స తరువాత నరం దెబ్బతిని డయాఫ్రం పడిపోయేది తరచు ఎడమవైపే కావడం దురదృష్టం. అలాంటి అనుమానం ఉన్నప్పుడు 'ఎడమవైపు కనిపించలేదు' అని రాయడాన్ని 'ఎడమవైపు బాగుంది' అని ఎవరూ చదవకుండా నోట్స్‌లో స్పష్టంగా రాస్తున్నాం.

నేర్చుకోవడానికి పట్టే కాలం భాగాన్ని బట్టి మారుతుంది. ఊపిరితిత్తుల గీతలను కొత్తగా వచ్చిన రెసిడెంట్లు కొన్ని వారాల్లో పట్టుకుంటారు. డయాఫ్రం మందానికి నెలలు పట్టింది, గుండె పీడనం అంచనా నాకు ఇంకా హృద్రోగ విభాగం వారితో సరిచూసుకోవలసిన పనే. పూర్తి స్కాన్‌కు అలవాటైన చేతికి పదిహేను నిమిషాలు చాలు. అందులో మూడు నిమిషాలు జెల్ తుడిచి, ప్రోబ్‌నూ తీగనూ క్రిమిసంహారక వస్త్రంతో శుభ్రం చేయడానికే పోతాయి. తీగను తుడవకుండా పక్క మంచానికి వెళ్లబోయిన రెసిడెంట్‌ను నిన్న కూడా ఆపాను.

పరీక్ష ఒకేసారి సాఫీగా నెగ్గి, బాగా దగ్గగలిగి, కళ్లు తెరిచి మాట వినే రోగికి ఇప్పుడు మేం స్కాన్ చేయకుండానే గొట్టం తీస్తున్నాం. ఒకసారి విఫలమైనవారికి, గుండె జబ్బు ఉన్నవారికి, వారం దాటి వెంటిలేటర్ మీద ఉన్నవారికి పరీక్షకు ముందు, పరీక్ష చివర స్కాన్ తప్పనిసరి చేశాం. బండిని పరీక్ష మొదలయ్యే ముందే ఆ మంచం పక్కకు తెచ్చి, ప్లగ్ పెట్టి, రోగి వివరాలు ఎక్కించి ఉంచడం ఇప్పుడు రాత్రి డ్యూటీ సిస్టర్ల పనుల జాబితాలో చేరింది.